మీ ప్రశ్న – మా జవాబు: ఇరవైరెండో ప్రశ్న దగ్గర ఆగిన ప్రొఫెసర్

పోయిన సంచికలో డగ్లస్ క్లైడ్ మెకింటాష్ (1877–1948) గురించి అర పేజీ వేశాం. కెనడాలోని ఆంటారియోలో పుట్టి, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో మూడు దశాబ్దాలకు పైగా దైవశాస్త్రం బోధించిన బాప్టిస్టు ఆచార్యుడాయన. పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1931లో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. తిరుపతి, చిత్తూరు వైపు నుంచే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. ఒకే సంగతి అడిగిన వాటిని కలిపేసి జవాబులిస్తున్నాం.

మదనపల్లె నుంచి ఒక పాఠకుడు: మా పక్క సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చీలు, తిరుపతి పక్క లూథరన్ చర్చీలు తెలుసు. ఈ బాప్టిస్టులు ఎవరు? వాళ్ళు బాగా పట్టుదల మనుషులంటారే, వాళ్ళలో ఉదారవాది ఎట్లా పుట్టినాడు?

మీ పక్క వాళ్ళు తక్కువగా కనబడటానికి కారణం పాతకాలంలో మిషన్లు ప్రాంతాలను పంచుకోవడం. చిత్తూరు, మదనపల్లె వైపు అమెరికా రిఫార్మ్‌డ్ చర్చికి చెందిన ఆర్కాటు మిషన్ పనిచేసింది. ఆ సంఘాలు తర్వాత సి.ఎస్.ఐ.లో కలిశాయి. తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ లూథరన్ మిషన్ ఉండేది. అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరులో మొదలుపెట్టి ఒంగోలు మీదుగా ఉత్తరానికి పోయారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చింది వాళ్ళే.

పసిపిల్లలకు నీళ్ళు చిలకరించడం వాళ్ళలో లేదు. ఊహ తెలిసిన మనిషి తానుగా ఒప్పుకుంటేనే నీళ్ళలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. పైన బిషప్పు ఉండడు, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. విశ్వాసం ఒకరి తరఫున ఇంకొకరు ఒప్పుకునేది కాదన్నప్పుడు, ప్రభుత్వం ఒప్పించేది అసలే కాదన్న మాట దాని వెనకే వస్తుంది. 1801లో కనెక్టికట్ రాష్ట్రం డాన్‌బరీ బాప్టిస్టులు అధ్యక్షుడు జెఫర్సన్‌కు ఉత్తరం రాస్తే, మతానికీ రాజ్యానికీ నడుమ గోడ ఉండాలన్న ప్రసిద్ధమైన జవాబు 1802 జనవరి 1న వాళ్ళకే వచ్చింది. మెకింటాష్ కేసు మొదలైందీ ఆ కనెక్టికట్‌లోనే.

ఇక ఉదారవాదం. చికాగో విశ్వవిద్యాలయానికి డబ్బు పోసిన రాక్‌ఫెల్లర్ బాప్టిస్టు. అక్కడి దైవశాస్త్ర విభాగానికి 1908 నుంచి 1933 దాకా డీన్‌గా ఉన్న షైలర్ మాథ్యూస్ కూడా బాప్టిస్టే. బైబిల్‌ను మిగతా ప్రాచీన గ్రంథాల్లాగే చరిత్ర పద్ధతిలో చదవాలని, పరిణామ సిద్ధాంతాన్ని చూసి భయపడనక్కర్లేదని ఆ బడి వాదం. మెకింటాష్ అక్కడ జార్జ్ బర్మన్ ఫాస్టర్ దగ్గర చదివి, 1909లో డాక్టరేటు తీసుకుని, అదే ఏడు యేల్‌లో చేరాడు. కాబట్టి ‘పట్టుదల మనుషులు’ అన్నది సగం నిజం. అదే చర్చిలో ఛాందసులూ ఉన్నారు, ఉదారవాదులూ ఉన్నారు. ఎవరి నోరూ మూయించే పై అధికారం లేకపోవడం వల్ల ఇద్దరూ మిగిలారు.

తిరుపతి నుంచి ఒక లా విద్యార్థి: ఆయన శాంతివాది కాబట్టే పౌరసత్వం ఇవ్వలేదని మా క్లాసులో విన్నాను. అంతేనా సార్? కేసు కాస్త విడమరచి చెప్పండి.

అంతే కాదు, అసలు అది కానే కాదు. ఆయన గురించి అందరూ చేసే పెద్ద పొరపాటు ఇదే.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన తానుగా అడిగి మరీ కెనడా సైన్యంలో మతగురువుగా చేరాడు, యుద్ధరంగం దాకా వెళ్ళాడు. తిరిగొచ్చి 1917లో మిత్రపక్షాల తరఫున బహిరంగ సభల్లో మాట్లాడాడు. 1918లో మళ్ళీ ఫ్రాన్సు వెళ్ళి యుద్ధవిరామం దాకా అమెరికన్ వై.ఎం.సి.ఎ. (క్రైస్తవ యువకుల సంఘం) విడిది ఒకటి నడిపాడు. ఇవన్నీ తీర్పులోనే ఉన్నాయి. యుద్ధం ఎప్పుడూ తప్పే అనుకునే మనిషి ఇన్ని చేయడు.

చిక్కు వచ్చింది దరఖాస్తు ఫారంలోని 22వ ప్రశ్న దగ్గర. అవసరమైతే ఈ దేశ రక్షణకు ఆయుధం పట్టడానికి సిద్ధమేనా అని అది అడుగుతుంది. ‘అవును’ అని రాసి ఊరుకుంటే అయిపోయేది. ఆయన ‘అవును, కానీ ఆ అవసరం ఉందో లేదో తేల్చుకునే స్వేచ్ఛ నాకుండాలి’ అని రాశాడు. దానికి తోడు ఒక వివరణ జతచేశాడు. నా దేశం ఒప్పు చేసినా తప్పు చేసినా వెనకుంటానని మాటివ్వను. ఏ కారణంతో యుద్ధం వస్తుందో తెలియకుండా ఆయుధం పడతానని గానీ పట్టనని గానీ ముందే చెప్పను. నాటి ప్రభుత్వానికి ఆ యుద్ధం ఎంత అవసరంగా తోచినా సరే అని దాని సారాంశం. ‘పట్టనని గానీ’ అన్న ముక్క వదిలేసి చదివితే ఆయన శాంతివాదిగా కనిపిస్తాడు. అది ఉంచి చదవండి.

ఫెడరల్ జిల్లా కోర్టు దరఖాస్తు తోసేసింది. 1930లో అప్పీలు కోర్టు ఆయనవైపు తీర్పిచ్చింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు పోయింది. 1924లో డెమొక్రాట్ల తరఫున అధ్యక్ష పదవికి నిలబడిన జాన్ డబ్ల్యు. డేవిస్ ఆయన తరఫున వాదించాడు. 1931 మే 25న తీర్పు 5–4. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్ మాటల్లో కీలకం ఇది: మనం దేవుని చిత్తానికి తలవంచే ప్రజలమే, అయితే బతికి నిలవాల్సిన బాధ్యత ఉన్న జాతి కూడా, యుద్ధంలో ప్రభుత్వ నిర్ణయమూ దైవచిత్తమూ విరుద్ధం కావని భావించుకునే ముందుకు పోవాలి. (సదర్లాండ్ కూడా ఇంగ్లండులో పుట్టి అమెరికా వచ్చినవాడే. ఆయన్ని ఎవరూ ఆ ప్రశ్న అడిగి ఉండరు.)

ప్రధాన న్యాయమూర్తి హ్యూస్ విభేదించాడు. హోమ్స్, బ్రాండీస్, స్టోన్ ఆయనతో కలిశారు. పరీక్షలో రాయాల్సిన అసలు విషయం ఈ అసమ్మతి తీర్పులోనే ఉంది. హ్యూస్ రాజ్యాంగ ఉపన్యాసం ఇవ్వలేదు, చట్టం చదివాడు. నాటి పౌరసత్వ చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటే లేదు. రాజ్యాంగాన్ని సమర్థిస్తాను, రక్షిస్తాను అని మాత్రమే ప్రమాణం. ఇంచుమించు అదే ప్రమాణం ప్రభుత్వ పదవుల్లో చేరేవాళ్ళూ చేస్తారు, పదవికి మతపరీక్ష పెట్టకూడదని రాజ్యాంగమే అంటుంది. అక్కడ లేని అర్థం ఇక్కడికెలా వచ్చింది? కాంగ్రెస్ (అమెరికా చట్టసభ) అడగని హామీని గుమాస్తా ఫారం అడగొచ్చా? ఇదీ ఆయన వాదం.

1946లో ఇలాంటిదే అయిన జిరార్డ్ కేసులో సుప్రీంకోర్టే ఈ తీర్పు కొట్టేసింది. ఇక్కడో విడ్డూరం. 1931లో మెకింటాష్ వైపు నిలబడ్డ స్టోన్, 1946లో ప్రధాన న్యాయమూర్తిగా ఉండి ఎదురు ఓటేశాడు. పాత తీర్పు తప్పేనన్న అభిప్రాయం మార్చుకోలేదు. పదిహేనేళ్ళు కాంగ్రెస్ దాన్ని మార్చకుండా ఊరుకుంది కాబట్టి ఒప్పుకున్నట్టే లెక్క అన్నాడు. ఆ రోజే బెంచి మీద జబ్బుపడి చనిపోయాడు.

తిరుపతి నుంచి ఒక ఎం.ఏ. ఫిలాసఫీ విద్యార్థిని: దైవశాస్త్రాన్ని ప్రయోగ విజ్ఞానంలా చేయొచ్చని ఆయన అన్నాడట. దేవుణ్ణి లేబొరేటరీలో పెడతాడా?

1919లో వచ్చిన ‘థియాలజీ యాజ్ యాన్ ఎంపిరికల్ సైన్స్’ పుస్తకం పేరు చూసి చాలామంది ఇలాగే ఉలిక్కిపడ్డారు. ఆయన చెప్పింది అంత విపరీతం కాదు. రసాయన శాస్త్రవేత్త పదార్థం ఉందా లేదా అని ప్రతి ఉదయం మొదటినుంచీ నిరూపించడు. ఉందని ఒప్పుకుని, ఏ పరిస్థితిలో అది ఎలా ప్రవర్తిస్తుందో చూస్తాడు. దైవశాస్త్రమూ అలాగే చేయాలని ఆయన పట్టు. దైవం ఉన్న చోట మనిషి ఏ తీరుగా నిలబడితే ఏ ఫలితం నమ్మకంగా వస్తుందో చూసి, సూత్రం కట్టి, మళ్ళీ సరిచూడాలి.

మనిషి నిలబడే ఆ తీరుకు ఆయన పెట్టిన పేరును తెలుగులో ‘సరైన మతపరమైన సర్దుబాటు’ అనుకోవచ్చు. అందులో ప్రధానంగా నాలుగున్నాయి: దృష్టిని దైవం మీద నిలపడం, తనను పూర్తిగా అప్పగించుకోవడం, అందిన ప్రేరణకు తగ్గట్టు నడవడానికి సిద్ధంగా ఉండటం, విడవకుండా కొనసాగడం. పాలు తోడుపెట్టినట్టే ఇదీ. పెరుగును ఎవరూ చేత్తో చేయలేరు. గోరువెచ్చన, చేమిరి, కదపకుండా ఉంచడం మాత్రం మన చేతిలో ఉంటాయి, అవి కుదిరితే తోడుకుంటుంది. ఆయన లెక్కలో ఫలితమంటే దర్శనాలు, వర్షం కురవడం, జబ్బు మాయం కావడం కాదు. నైతికంగా మనిషి మారడం, చెడ్డ అలవాటు మీద పట్టు రావడం. కోరిన వస్తువు దొరకడాన్ని లెక్కలోకి తీసుకుంటే ప్రయోగం మొదట్లోనే చెడుతుంది.

ఎక్కడ దెబ్బతిన్నదో కూడా చెప్పాలి. మొదటిది: ఆ మార్పు దైవం వల్లే వచ్చిందని, మనిషి మనసు పనితీరు వల్ల కాదని ఎలా తేలుస్తారు? రసాయన ప్రయోగంలో పదార్థం తీసేసి చూడొచ్చు, ఇక్కడ దైవాన్ని తీసేసి చూసే వీలు లేదు. రెండోది: ‘సరైన’ సర్దుబాటు ఏదో ఫలితాన్ని బట్టే తేలుస్తున్నాడు. ఫలితం రాకపోతే సర్దుబాటు సరిగా లేదంటాడు. అప్పుడు సూత్రం ఎప్పటికీ ఓడదు, ఓడని సూత్రాన్ని విజ్ఞానం అనలేం. మా అంచనాలో రెండో అభ్యంతరమే బలమైంది. మొదటిదానికి ఆయన జ్ఞానమీమాంసలో, అంటే మనకు తెలిసేది ఎలా తెలుస్తుందన్న చర్చలో, ఎంతో కొంత జవాబుంది: మనకు అనుభవంలో తగిలేది వస్తువు నీడ కాదు, వస్తువే, పూర్తిగా కాకపోయినా. 1915 నాటి ‘ది ప్రాబ్లం ఆఫ్ నాలెడ్జ్’ అంతా ఈ వాదమే.

ఆయన క్లాసులో కూర్చుని, తర్వాత పేరున్న దైవశాస్త్రవేత్తలైన రైన్‌హోల్డ్ నీబర్, తమ్ముడు రిచర్డ్ నీబర్ ఇద్దరూ ఈ దారి వదిలేశారు. ఒక ప్రపంచ యుద్ధం, ఆ వెనకే ఆర్థిక మాంద్యం చూశాక మనిషి నైతిక శక్తి మీద అంత భరోసా వాళ్ళకు కుదరలేదు. అయినా 1937లో గురువు గౌరవార్థం వచ్చిన వ్యాస సంకలనంలో ఇద్దరూ రాశారు.

పౌరసత్వం ఫారం మీద ఆయన రాసిన జవాబు ఈ పుస్తకాలకు దూరమైంది కాదు. ఫలితం చూడకుండా సూత్రం ఒప్పుకోనన్న మనిషి, కారణం చూడకుండా యుద్ధం ఒప్పుకోలేదు.

పుత్తూరు నుంచి ఒక పాఠకుడు: ఏసుక్రీస్తు చారిత్రకంగా లేడని తేలినా క్రైస్తవం నిలుస్తుందని ఆయన అన్నాడా?

తర్కం దృష్ట్యా నిలుస్తుందన్నాడు, 1925 నాటి ‘ది రీజనబుల్‌నెస్ ఆఫ్ క్రిస్టియానిటీ’లో. ఏసు లేడనలేదు. ఉన్నాడనే నమ్మాడు, ఆ జీవితం వల్ల విశ్వాసానికి వచ్చే బలం చాలా ఎక్కువనీ అన్నాడు. చరిత్ర పరిశోధనలో రేపు ఏం తేలుతుందోనని వణికే విశ్వాసం వద్దన్నదే ఆయన ఉద్దేశం. ఛాందసులకు ఈ ఒక్క వాక్యమే చాలింది.

చిత్తూరు నుంచి ఒక రిటైర్డ్ టీచరమ్మ: మావాడు అమెరికాలో గ్రీన్‌కార్డు మీద ఉన్నాడు, ఈ ఏడు సిటిజన్‌షిప్‌కి పెడతాడంట. తుపాకీ పడతావా అని ఇప్పటికీ అడుగుతారా? వాడు చీమను కూడా చంపడు నాయనా.

అడుగుతారమ్మా. పౌరసత్వ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారం చివర్లో మూడు ప్రశ్నలు వరసగా ఉంటాయి: చట్టం అడిగితే ఆయుధం పడతారా, సైన్యంలో ఆయుధం లేని సేవ చేస్తారా, పౌర అధికారుల కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్న పని చేస్తారా. ఫారం ఎడిషన్ మారినప్పుడల్లా ప్రశ్న నంబర్లు మారతాయి కాబట్టి నంబరు పట్టుకుని వెతకొద్దని చెప్పండి.

అభ్యంతరం లేనివాళ్ళు మూడిటికీ ‘అవును’ అని పెట్టి ముందుకు పోతారు. మనసొప్పకపోతే మొదటిదానికో, మొదటి రెండింటికో ‘లేదు’ అని పెట్టి, ప్రమాణంలో ఆ ముక్కలు తీసేయమని కారణం రాసిన కాగితం జతచేసి సంతకం పెట్టాలి. ఇంటర్వ్యూలో అధికారి మూడు సంగతులు చూస్తాడు: ఏ యుద్ధంలోనైనా ఆయుధం పట్టనన్న అభ్యంతరమా, అది మతం నుంచి గానీ అంత గాఢమైన నైతిక నియమం నుంచి గానీ వచ్చిందా, నిజాయితీగా ఉందా. ఫలానా మతంలో ఉండాలన్న నిబంధన లేదు, హిందువైనా జైనుడైనా ఫరవాలేదు. గురువు దగ్గర్నుంచో సంఘం నుంచో ఉత్తరం ఉంటే పనికొస్తుంది, తప్పనిసరి మాత్రం కాదు. మూడోదానికి, అంటే పౌర సేవకు, మినహాయింపు దొరకదు. దానికి ‘లేదు’ అని పెడితే దరఖాస్తు ఆగిపోతుంది. ప్రమాణం చివర దేవుడి పేరు వద్దనుకునేవాళ్ళు ఏ కాగితమూ ఇవ్వకుండానే అడిగి తీయించుకోవచ్చు.

జనం బోల్తాపడేది ఒక చోట: ‘మంచి యుద్ధమైతే పడతాను, చెడ్డదైతే పట్టను’ అని చెప్పడం. వినడానికి సబబుగా ఉంటుంది, మినహాయింపు మాత్రం రాదు. 1952 నాటి అమెరికా వలస, పౌరసత్వ చట్టం అన్ని యుద్ధాలనూ వద్దనేవాళ్ళకే దారి ఇచ్చింది. సైనిక భర్తీ విషయంలోనూ ఏరి కోరి అభ్యంతరం చెల్లదని 1971లో సుప్రీంకోర్టు తేల్చింది. తీర్పు కొట్టేసినా మెకింటాష్ నిలబడ్డ చోటు ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆయన ఇవాళ వచ్చి అదే జవాబు రాస్తే అదే బల్ల దగ్గర ఆగుతాడు.

ఇంకో మాట. మీవాడు 18–25 ఏళ్ళ మధ్య గ్రీన్‌కార్డు మీద అక్కడ ఉండి ఉంటే సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచే జాబితాలో, పేరు నమోదు చేయించాడా అని అడగండి. అభ్యంతరం ఉన్నవాళ్ళు కూడా నమోదు చేయించాల్సిందే.

శ్రీకాళహస్తి నుంచి ఒక పాఠకుడు: మన దేశంలో పౌరసత్వం తీసుకునే విదేశీయుడు ఇట్లా మాటివ్వాల్సిందేనా?

అక్కర్లేదు. 1955 పౌరసత్వ చట్టం రెండో షెడ్యూలులో ప్రమాణం ఉంది: రాజ్యాంగం పట్ల నిజమైన విశ్వాసం, విధేయత, చట్టాల పాలన, పౌరుడిగా విధుల నిర్వహణ. ఆయుధం ఊసు లేదు. పిలిచినప్పుడు దేశరక్షణకు రావాలని రాజ్యాంగం 51ఎ(డి) అధికరణం ప్రాథమిక విధిగా చెబుతుంది గానీ అది కోర్టు ద్వారా నేరుగా అమలయ్యేది కాదు. మన దగ్గర దీనికి దగ్గరి కేసు 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ తీర్పు. జాతీయగీతానికి లేచి నిలబడి, మత కారణంగా పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి తీసేస్తే, సుప్రీంకోర్టు తిరిగి చేర్చుకోమంది. తీర్పు రాసింది మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి.

తిరుపతి నుంచి ఇద్దరు పరిశోధక విద్యార్థులు: సెమినారు పేపరు రాస్తున్నాం. ఏ క్రమంలో చదవాలి? ఎక్కడ తప్పులు దొర్లుతాయి?

పుస్తకాలతో మొదలుపెట్టకండి, విసుగొస్తుంది. ముందు తీర్పు చదవండి: 283 యు.ఎస్. 605. అంటే అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల 283వ సంపుటం, 605వ పేజీ. హ్యూస్ అసమ్మతి 627లో మొదలవుతుంది. మతమంటే ఏ మానవ సంబంధం కన్నా పైన ఉండే బాధ్యతలను దేవునితో సంబంధం మోపుతుందన్న నమ్మకమేనన్న ఆయన నిర్వచనం 633–634 పేజీల్లో ఉంది. తర్వాత 1925 పుస్తకం, ఆపైన 1919ది. 1915ది చివరికి అట్టిపెట్టండి, అది కరుకు.

లైబ్రరీ కేటలాగులో ఇంటిపేరు ‘సి’ తర్వాత ‘కె’ లేకుండా కొట్టండి. ‘కె’ పెడితే ఎడింబరో ఆచార్యుడు హెచ్. ఆర్. మెకింటాష్ వస్తాడు. ఆయనా ఆ కాలపు దైవశాస్త్రవేత్తే కావడంతో ఇద్దరి పుస్తకాలు ఒకే పట్టికలో కలిసిపోవడం మామూలు. తీర్పులో ఆయన 1916లో అమెరికా వచ్చాడని ఉంటుంది, యేల్ ఉద్యోగం మాత్రం 1909 నుంచి. పేపరులో రెండు తేదీలూ ఎక్కడివో చెప్పి రాయండి, లేకపోతే ప్రశ్నల సమయంలో దొరికిపోతారు. 283 యు.ఎస్. 636లో అదే రోజు వచ్చిన మేరీ బ్లాండ్ కేసు వదలొద్దు. యుద్ధంలో ఫ్రాన్సులో సేవచేసిన నర్సు ఆమె, ఆమెకూ పౌరసత్వం నిరాకరించారు. 1929 నాటి రోజికా ష్విమ్మర్ కేసులో నలభై తొమ్మిదేళ్ళ స్త్రీని ఆయుధం పడతావా అని అడిగారు; ఏ సైన్యమూ ఆమెను పిలిచేది కాదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ముగ్గురివీ మూడు వేర్వేరు అభ్యంతరాలని తెలుస్తుంది. ముగ్గుర్నీ ‘శాంతివాదులు’ అని ఒకే గాటన కట్టేస్తే పేపరు అక్కడే పోతుంది.

పలమనేరు నుంచి ఒక అనువాదకుడు: ఆయన రచనలో కొంత భాగం తెలుగు చేయాలని ఉంది. ఎవరి అనుమతి కావాలి?

మన దేశంలో ఎవరిదీ అక్కర్లేదు. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. ఆయన పోయింది 1948లో కాబట్టి 2008 చివరితో తీరిపోయింది. 1915, 1919, 1925 పుస్తకాలు అమెరికాలోనూ స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1930ల నాటివి, ఆ తర్వాతివి అక్కడ ప్రచురించాలంటే మాత్రం హక్కు పొడిగించారో లేదో ముందు చూసుకోవాలి. అమెరికా ఫెడరల్ కోర్టు తీర్పులకు అక్కడ కాపీరైటే లేదు.

1937 సంకలనం దగ్గర జాగ్రత్త. అందులో ఒక్కో వ్యాసానికి ఒక్కో రచయిత. రిచర్డ్ నీబర్ 1962లో పోయాడు కాబట్టి ఆయన వ్యాసం మన దగ్గర 2023 నుంచి స్వేచ్ఛగా ఉంది. అన్న రైన్‌హోల్డ్ పోయింది 1971లో. ఆయన వ్యాసం ముట్టుకోవాలంటే 2031 దాటాలి.